కొత్త చిప్ వస్తే పాత కోడ్ ఏమవుతుంది?

సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట. 2024 డిసెంబరు 30 రాత్రి అక్కడి నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 అనగానే స్పేడెక్స్ జంట ఉపగ్రహాలే గుర్తొస్తాయి. అదే ప్రయోగంలో మరో పరీక్షా జరిగింది. విక్రమ్-3201 అనే మన సొంత 32 బిట్ ప్రాసెసర్‌ను అంతరిక్షంలో పనిచేయించి చూశారు. 2009 నుంచి ఇస్రో రాకెట్లలో వాడుతున్న 16 బిట్ విక్రమ్-1601కు ఇది తర్వాతి తరం. 2025 సెప్టెంబరు 2న సెమికాన్ ఇండియా సదస్సులో దీన్ని ప్రధానికి అందజేశారు. చిప్ గురించి అందరూ మాట్లాడారు. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ సంగతి పెద్దగా రాలేదు. ఉద్యోగాల కోణంలో మనకు పనికొచ్చేది అదే.

బిట్లు పెరిగితే పాత ప్రోగ్రాం ఇంకా బాగా నడుస్తుందనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదు. 1985లో వచ్చిన అమిగా హోం కంప్యూటర్‌నే తీసుకోండి. అందులోని మోటరోలా 68000 చిప్ 32 బిట్ల అడ్రసులో 24 బిట్లే వాడేది. మిగతా ఎనిమిదీ ఖాళీయే కదా అని కొందరు ప్రోగ్రామర్లు వాటిలో వేరే సమాచారం దాచారు. తర్వాత 68020 వచ్చి మొత్తం 32 బిట్లనూ అడ్రసుగా చదివేసరికి అలాంటి ప్రోగ్రాములు కుప్పకూలాయి. అమిగా బేసిక్‌కూ ఈ తిప్పలు తప్పలేదు.

అంత దూరం ఎందుకు? మన కాలేజీ ల్యాబ్‌లలో ఇప్పటికీ టర్బో సీ కనిపిస్తుంది. అది 16 బిట్ల కాలం నాటిది, 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. డాస్‌బాక్స్ వేసుకుని మరీ నడుపుతాం. అందులో ఇంట్ అంటే 2 బైట్లు, గరిష్ఠం 32,767. 30,000కు 5,000 కలిపి చూడండి, మైనస్ 30,536 వస్తుంది! అదే ప్రోగ్రాం జీసీసీలో 35,000 చూపిస్తుంది. ఇంటర్వ్యూలో ‘ఇంట్ సైజ్ ఎంత?’ అంటే చాలామంది రికార్డులో రాసిన 2 బైట్లు ఠక్కున చెప్పేస్తారు. కంపైలర్‌ను బట్టి మారుతుందని చెప్పి, ఈ లెక్క వేసి చూపిస్తే ప్యానెల్‌కు గురి కుదురుతుంది.

పోయేది మార్కులే అయితే ఫర్వాలేదు. 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియాన్-5 దాదాపు 40 సెకన్లకే ముక్కలైంది. అక్కడ మారింది రాకెట్. ఏరియాన్-4 కోసం రాసిన కోడ్‌ను అలాగే వాడేశారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావడంతో 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్లలో పట్టలేదు. ఆ కోడ్ రాసింది అడా భాషలో. అడా కట్టుదిట్టమైన భాషే, కానీ ఆ మార్పిడికి తనిఖీ పెట్టకుండా వదిలేశారు.

విక్రమ్-3201కూ భాష అడాయే. కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఇస్రోయే సొంతంగా తయారు చేసుకుంది. 2025 మార్చిలో చిప్‌ను అప్పగించే నాటికి సీ కంపైలర్ ఇంకా సిద్ధమవుతూ ఉంది. దాంతోపాటే వచ్చిన కల్పన-3201ది వేరే దారి. ఓపెన్ సోర్స్ టూల్స్‌తో పొసిగేలా స్పార్క్ వీ8 పద్ధతిలో చేశారు. రెండింట్లోనూ కావాల్సింది కంపైలర్లు, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ తెలిసినవాళ్లే. మనం పరీక్ష ముందు రాత్రి చదివి వదిలేసే సబ్జెక్టులు కూడా అవే మరి.

అడా నేర్చుకోవడానికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. గ్నాట్ కంపైలర్ ఉచితం. ఏరియాన్-5 ప్రమాదంపై విచారణ బోర్డు నివేదిక నెట్‌లో దొరుకుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని, ఆ 16 బిట్ల తప్పును మీ ల్యాప్‌టాప్‌లో మీరే ఒకసారి చేసి చూడండి.