రాజీ కాని ఉపసంహరణ

పన్ను విధించే శాఖకు, పన్ను చెల్లించే పౌరునికి మధ్య నిలిచి నిజానిజాలను తేల్చవలసిన సంస్థ ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్. 1941 జనవరి 25న ఏర్పడిన ఈ సంస్థకు హైదరాబాదులోను, విశాఖపట్నంలోను బెంచీలున్నవి. క్రింది అప్పీలులో పౌరుడు గెలిచినచో, శాఖ ట్రిబ్యునల్ మెట్లెక్కుట పరిపాటి. ఈ అలవాటును అదుపు చేయుటకు కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక హద్దు గీసినది. కొన్ని మినహాయింపులు తప్ప, వివాదంలోని పన్ను ఆ హద్దును దాటనిచో శాఖ అప్పీలు చేయరాదు. అప్పటికే చేసియున్న అప్పీళ్లను ఉపసంహరించుకోవాలి. 2018 జూలైలో 20 లక్షల రూపాయలుగా నిర్ణయించిన ఈ హద్దు 2019 ఆగస్టులో 50 లక్షలకు, 2024 సెప్టెంబరులో 60 లక్షలకు పెరిగినది. వాయిదాల చుట్టూ తిరుగుతూ, వకీలు ఫీజుకు వెదకులాడే చిన్న వర్తకునికి ఇది సామాన్యమైన ఊరట కాదు.

అయినను ఇందులో ఒక మెలిక ఉన్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి 2008లో చేర్చిన 268ఎ సెక్షను ఏమన్నది? మొత్తం స్వల్పమని అప్పీలు మానుకొన్నంత మాత్రాన శాఖ ఎదుటివాని వాదాన్ని ఒప్పుకొన్నట్లు కాదన్నది. అనగా అదే ప్రశ్నపై, అదే మనిషి మీద, మరొక సంవత్సరపు లెక్కలో శాఖ మరల పోరాడవచ్చు.

శాఖ వైపున న్యాయం లేదనను. చిన్న కేసు వదలినందుకు పెద్ద కేసులో నోరు కట్టివేసినచో, ఏ అధికారి దేనినీ వదలడు. కాని పౌరుని సంగతేమిటి? రాజీ అనే మాటను మన తెలుగు రైతు ఉర్దూ మాటగా ఎన్నడూ ఎంచలేదు. దావా, వకీలు, జామీనులవలె అది అతని నోట తెలుగైపోయినది. రాజీలో ఉభయులూ ఒక మాటకు కట్టుబడతారు. ఇక్కడ ఒక పక్షం లేచి వెళ్లిపోతుంది. తగవు మాత్రం అక్కడనే కూర్చుని ఉంటుంది.

కాబట్టి నేను కోరేది కొంచెమే. ఉపసంహరించుకొనే ప్రతి అప్పీలులోను శాఖ ఒక వాక్యం అదనంగా వ్రాయాలి: మొత్తం చిన్నదని వదలుచున్నదా, లేక తన వాదం నిలువదని వదలుచున్నదా? రెండవదైనచో ఆ మాట మరుసటి సంవత్సరపు అధికారికి కూడ కనబడేటట్లు ఆ పౌరుని ఫైలులోనే ఉండాలి. ఇందుకు కొత్త ట్రిబ్యునల్ అక్కరలేదు. మన కామర్సు విద్యార్థులలో కొందరు రేపు ఆ శాఖలోనే బల్లల ముందు కూర్చుంటారు. ఒక వాక్యం వ్రాయుటకు ఎంత సేపు పడుతుందో అప్పుడు వారే చెప్పగలరు.