చూసినవాడు లేకపోతే తప్పు లేనట్టేనా?



మన సంఘంలోంచి ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్ళిన యవ్వనస్థుల్లో ఎక్కువమంది దిగేది అమీర్‌పేటలోనే. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వెనక సందుల్లో హాస్టళ్ళు. పగలు జావా, పైథాన్ క్లాసులు. రాత్రి మెస్‌లో తిన్నాక అదే ల్యాప్‌టాప్‌లో ఆటలు. "అయ్యగారూ, వాటి నిండా చంపుకోవడమే కదా, మానమని మీరైనా చెప్పండి" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. మానమనడం తేలికే. 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వమే పబ్‌జీని ఆపేసింది (నెత్తురు చూసి కాదు, దేశ భద్రత, డేటా కారణాలతో). 2021 జూలైకల్లా అది బీజీఎంఐ అనే పేరుతో మళ్ళీ ఫోన్లలోకి వచ్చేసింది.

హాస్టల్‌కు వెళ్ళినప్పుడు మేము పిల్లల పక్కన కూర్చుని ఈ ఆటలు చూశాం. తుపాకీ మమ్మల్ని అంతగా కలవరపెట్టలేదు. న్యాయాధిపతుల గ్రంథం చదివినవాళ్ళకు నెత్తురు కొత్త కాదు. చంపిన తరువాత ఏం జరుగుతుందన్నదే మాకు పట్టుకుంది.

2002లో వచ్చిన జీటీఏ వైస్ సిటీ సంగతి చూడండి. మన పెద్దపిల్లలు ఇంటర్నెట్ సెంటర్లలో ఆడి పెరిగిన ఆట అది. మనిషిని కారుతో గుద్దితే తెర మీద నక్షత్రాలు వెలుగుతాయి. తప్పులు పెరిగేకొద్దీ నక్షత్రాలు, వాటి వెనక పోలీసులు పెరుగుతారు. కారును షెడ్డులోకి తోలి రంగు మార్పిస్తే నక్షత్రాలన్నీ ఆరిపోతాయి. పట్టుబడితే పోలీస్ స్టేషన్ గుమ్మం ముందు, చస్తే ఆసుపత్రి గుమ్మం ముందు మళ్ళీ లేస్తాం. కొంత డబ్బు, ఆయుధాలు పోతాయి, అంతే. గుద్దించుకున్నవాడికి మాత్రం అలాంటి గుమ్మం లేదు. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే శవం కూడా ఉండదు.

2011 నాటి స్కైరిమ్ ఇంకా లెక్కగా ఉంటుంది. మనిషిని కొడితే 40 నాణేల వెల, చంపితే 1000. కావలివాడికి ఆ సొమ్ము కడితే మళ్ళీ మంచివాడివే. ఇంకో దారి కూడా ఉంది. చూసిన సాక్షులందరినీ చంపేస్తే ఆ వెల రద్దవుతుంది. రెండో హత్య మొదటి హత్యను కడిగేస్తుందన్నమాట! ఇది చూసి మాకు నిర్గమకాండము రెండో అధ్యాయం గుర్తొచ్చింది. మోషే అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరనుకున్నాక ఐగుప్తీయుణ్ణి చంపి ఇసుకలో కప్పెట్టాడు. ఆట అయితే అక్కడితో సరి. లేఖనంలో మాత్రం మర్నాడే ఒక హెబ్రీయుడు, నన్నూ అలాగే చంపుతావా అని మొహం మీదే అడిగాడు. మోషే మిద్యానుకు పారిపోయాడు.

2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వీటికంటే మెరుగు. అందులో గౌరవానికి ఒక కొలత ఉంటుంది. చేసిన పనులను బట్టి అది ఎక్కుతుంది, దిగుతుంది, కథ ముగింపు కూడా దాన్ని బట్టే మారుతుంది. కానీ దారిన పోయేవాళ్ళను పలకరిస్తే కూడా అది కొంచెం ఎక్కుతుంది. వారమంతా పొరుగువాడి గట్టు జరిపి ఆదివారం గుడి గుమ్మంలో అందరికంటే గట్టిగా "ప్రైజ్ ది లార్డ్" చెప్పే సోదరులు ఈ ఆటలో చక్కగా రాణిస్తారు.

నిజం పేరుకు అలాంటి కొలత ఉండదు. 2017 సంవత్సరానికి పంజాగుట్ట పోలీస్ స్టేషన్ దేశంలో రెండో ఉత్తమ స్టేషన్‌గా నిలిచింది. 2024 జనవరి చివర్లో, సమాచారం బయటికి పోతోందన్న ఆరోపణల మధ్య, అక్కడి సిబ్బంది 80 మందికి పైగా ఒకేసారి బదిలీ అయ్యారు. అందరూ తప్పు చేసి ఉండరు. అయినా ఆ మాట అందరికీ అంటింది.

అదే పంజాగుట్ట దగ్గర 2016 జూలైలో, తాగిన విద్యార్థుల కారు డివైడర్ దాటి అవతల వెళ్తున్న కారు మీద పడింది. ఒక చిన్నపాప, ఆ కుటుంబంవారే మరో ఇద్దరు చనిపోయారు. అక్కడ షెడ్డు లేదు, రంగు లేదు. మంచి ఆసుపత్రీ, పేరున్న పోలీస్ స్టేషన్ రెండూ పంజాగుట్టలోనే ఉన్నాయి గాని, ఆ గుమ్మాల ముందు ఎవరూ మళ్ళీ లేవలేదు.

ఆటలు ఆడి పిల్లలు ఇలా తయారవుతారని మేము అనడం లేదు. మన పల్లెల్లో ఈ పద్ధతి ఆటలకంటే ముందే ఉంది. బైకుతో ముసలాయన్ని గుద్దితే పెద్దమనుషులు కూర్చుని ఇంత సొమ్మని తేలుస్తారు. కాగితం మీద వేలిముద్ర పడుతుంది, కేసు ఉండదు. ఆ తరువాత ఆయన కాలు అతికిందో లేదో గుద్దినవాడు వెళ్ళి చూడడు. సంఘంలోనూ ఎవరైనా తప్పు చేస్తే మొదటి ప్రశ్న "ఎవరెవరికి తెలుసు?" అనే. స్కైరిమ్ రాసినవాళ్ళు మనల్ని చూసే రాశారేమో అనిపిస్తుంది. ధర్మశాస్త్రం మాత్రం నరహంతకుడి ప్రాణానికి బదులుగా సొమ్ము పుచ్చుకోవద్దంది (సంఖ్యాకాండము 35). గాయపరచినవాడు ఎదుటివాడి పని చెడిన రోజులకు సొమ్మిచ్చి, పూర్తిగా నయమయ్యేదాకా చూసుకోవాలంది (నిర్గమకాండము 21). లెక్క తేలాల్సింది కావలివాడితో కాదు, దెబ్బతిన్నవాడితో. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళకే.

వేరేలా ఆలోచించిన ఆట కూడా ఉంది. 1985లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4లో చంపాల్సిన పెద్ద విలన్ ఎవరూ లేరు. ఎనిమిది సద్గుణాలలో ఎదగడమే పని. మూలికలు అమ్మే ఒక గుడ్డి ఆవిడ ఉంటుంది. ఇంత ఇచ్చానని నువ్వు చెప్పిందే ఆవిడ నమ్ముతుంది. తక్కువ వేసినా కేకలు లేవు, కావలివాడు రాడు, నక్షత్రం వెలగదు. కానీ ఆట లోలోపల గుర్తు పెట్టుకుంటుంది. ఎంతో దూరం వెళ్ళాక, నీ నిజాయితీ చాలదని తెలుస్తుంది. గుడ్డివాడి దారిలో అడ్డం వేయొద్దన్న లేవీయకాండపు ఆజ్ఞకు ఇంతకంటే మంచి ఉదాహరణ ప్రసంగాల్లో కూడా మేము ఎక్కువ వినలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ల్యాప్‌టాప్ లాక్కోవద్దు. పక్కన కూర్చుని, "ఇప్పుడు చచ్చినవాడి పేరేంట్రా? వాడి ఇంట్లో ఎవరున్నారు?" అని అడగండి. మొదట నవ్వుతారు. మాతోనూ నవ్వారు. తరువాత ఒకబ్బాయి ఆట ఆపి, వాడికి అసలు పేరే పెట్టలేదు అయ్యగారూ అన్నాడు.

వచ్చే నెల అమీర్‌పేట పిల్లల కూడికలో జక్కయ్య కథే ధ్యానిస్తాం. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోవచ్చు.