పాఠం సాగని రోజు

 

గత నెలలో ఒక సోదరి ఫోను చేశారు. ఇద్దరు పిల్లలకు ఇంటివద్దనే చదువు చెబుతున్న తల్లి. భర్త గల్ఫులో ఉన్నారు. "మౌలానా సాబ్, ఈ రోజు బాబు మీద చేయి చేసుకున్నాను. వాడు ఖాయిదా మూసి మంచం కింద దూరాడు. ఇక నా వల్ల కాదు" అంటూ కంటతడి పెట్టారు.

ఆమెకు నేను ఉపదేశం చేయలేదు, నా సంగతే చెప్పాను. మదరసాలో పదేళ్లకు పైగా బోధించిన అనుభవం ఉండి కూడా నా కుమారునికి 'కాఫ్', 'ఖాఫ్' అక్షరాల భేదం నేర్పుతూ ఓర్పు కోల్పోయాను. గొంతు దగ్గర నాలుక మొదలు నుండి పలకవలసిన అక్షరం అది. తెలుగు మాటలకు అలవాటుపడిన పసినోటికి అంత సులువుగా పట్టుబడదు. నేను గద్దించాను. ఆ తరువాత చాలా రోజులు వాడు నా ఎదుట నోరు విప్పలేదు. చివరకు దగ్గరకు తీసుకొని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అక్షరం సరిగా పలకడానికి మరో రెండు నెలలు పట్టింది. భయం లేకుండా నా ప్రక్కన కూర్చోవడం మాత్రం ఆనాడే మొదలయింది.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్లు దైవప్రవక్త (స) వారి సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో ప్రవక్త (స) ఒక్కసారి కూడా తనను విసుక్కోలేదని ఆయనే తెలిపారు. సహచరులకు విసుగు కలుగకూడదని, ప్రవక్త (స) అనువైన రోజులు చూసి బోధించేవారని ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు. దివ్య ఖుర్‌ఆన్ సైతం ప్రవక్త (స) వారిపై సుమారు 23 సంవత్సరాల పాటు కొద్దికొద్దిగా అవతరించింది. తడబడుతూ, శ్రమపడుతూ ఖుర్‌ఆన్ పఠించే వ్యక్తికి రెండింతల పుణ్యమని హదీసు శుభవార్తనిస్తోంది. మరి అలా తడబడే బిడ్డ ప్రక్కన ఓపికతో కూర్చున్న తల్లి శ్రమ వృథా పోతుందా?

కనుక పాఠం సాగని రోజున పుస్తకం మూసివేయండి. అది ఓటమి కాదు. కోపం వస్తే నిలబడినవారు కూర్చోవాలన్నది ప్రవక్త (స) బోధన. వుజూ చేసుకోండి. ఆ పూటకు ఒక్క ఆయత్ వినిపించండి, ఒక్క ఎక్కం అప్పజెప్పించుకోండి, చాలు. వంటింట్లో బియ్యం కొలిపించినా అది గణితమే. ప్రక్కింటి బడిపిల్లలతో పోల్చకండి. పదవ తరగతి పరీక్షకు మన రెండు రాష్ట్రాలలోనూ ఓపెన్ స్కూల్ మార్గం ఉంది.

తండ్రులకు ఒక మాట. డబ్బు పంపడంతో బాధ్యత తీరదు. రాత్రి ఫోనులో పది నిమిషాలు బిడ్డ పాఠం వినండి. ఆ పది నిమిషాలు తల్లికి ఊపిరి.

"ముందు బాబును క్షమాపణ అడగమ్మా, పాఠం రేపు చూద్దాం" అని ఆ సోదరికి చెప్పాను. వారం తరువాత ఆమె కబురు పంపారు: "ఇంకా ఆ పుటలోనే ఉన్నాం మౌలానా సాబ్. కాని వాడు మంచం కిందికి వెళ్లడం లేదు."

అల్లాహ్ మన మాటలో మృదుత్వాన్ని, మన పిల్లల హృదయాలలో విద్యపై ప్రేమను ప్రసాదించుగాక! ఆమీన్.