పులిహోర మన సంచిలో... దారి వాళ్ల జేబులో!

మన ఇళ్లల్లో ఏ ప్రయాణమైనా తిండి సంగతి ఆడవాళ్లది, దారి సంగతి మగవాళ్లది. శ్రీశైలం వెళ్లినా, అరకు వెళ్లినా ఇదే పద్ధతి. ముందురోజు రాత్రి మనం వంటింట్లో పులిహోర కలుపుతుంటే, వాళ్లు హాల్లో కూర్చుని ఏ రూటు, ఎన్నింటికి బయల్దేరాలి అని మాట్లాడుకుంటారు. ఎంత దూరం అని అడిగామా... "నువ్వు కూర్చోవోయ్, నేను చూసుకుంటాగా" అంటారు. ఆ మాటకి మురిసిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. కిందటేడు జూలై దాకా!

మా చెల్లెలు అమెరికాలో సియాటిల్ పక్కన ఉంటుంది. మావారూ, నేనూ చూడ్డానికి వెళ్లాం. ఆ ఊరికి గంట ప్రయాణంలో ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్ అని పెద్ద కొండల అడవి ఉంది. అందులో ఏడు వందలకు పైగా సరస్సులూ, కుంటలూ ఉన్నాయిట. 1976లో చట్టం చేసి ఆ అడవిని అలాగే ఉంచేశారు. లోపల రోడ్డు వెయ్యరు, మోటారు బండి మాట అటుంచి సైకిలు కూడా పోనివ్వరు. టీ కొట్టు ఉండదు. ఒక గుంపులో 12 మందికి మించి వెళ్లకూడదు. అక్కడి స్నో లేక్‌కి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. రానూపోనూ 7 మైళ్ల పైచిలుకు, అంటే పదకొండున్నర కిలోమీటర్లు.

యథాప్రకారం పులిహోర, పెరుగన్నం మేం కట్టాం. మంచినీళ్ల సీసాలు బరువని మా మరిది తన సంచిలో వేసుకున్నాడు. మ్యాపు ఆయన ఫోన్లో ఉంది. కొంత దూరం పోయేసరికి ఆయనా, మావారూ ముందుకెళ్లిపోయారు. మేమిద్దరం, చెల్లెలి ఎనిమిదేళ్ల కొడుకూ వెనకబడ్డాం. దారి రెండుగా చీలిన చోట కుడివైపు పైకెక్కాలి. మాటల్లో పడి మేం తిన్నగా వెళ్లిపోయాం. ముప్పావుగంటకి దారి సన్నబడిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. పిల్లాడు "పెద్దమ్మా, దాహం" అంటున్నాడు. మా సంచిలో అయిదుగురికి సరిపడా అన్నం ఉంది, చుక్క నీళ్లు లేవు. పైన వాళ్ల దగ్గర నీళ్లున్నాయి, తిండి లేదు!

కాళ్లీడ్చుకుంటూ చీలిక దగ్గరికి వచ్చి కూర్చున్నాం. ఎండలో ఒళ్లు కాలిపోతున్నా, పక్కనే నీడలోకి వెళ్తే పిల్లాడు వణుకుతున్నాడు. గంటన్నరకి వాళ్లు వెతుక్కుంటూ దిగొచ్చారు. "చెప్పకుండా ఎటెళ్లిపోయారు?" అని కేకలు. మాకు ఎవరు చెప్పారు గనక అని నా నోటి దాకా వచ్చింది. కానీ ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే... మేం మాత్రం అడిగామా? నెలకి సరిపడా సామాను చిట్టా కళ్లు మూసుకుని రాయగలిగే మనం, మన కాళ్లు ఎటు నడవాలో మరొకరి జేబులో వదిలేస్తాం. అదేదో గౌరవమనుకుంటాం. నా మటుకు నాకు, అది అలవాటుగా మారిన బద్ధకం అనిపించింది.

మావారు సెలవైపోయి తిరిగొచ్చేశారు. మా అమ్మాయి హాస్టల్లో ఉంది గనక నేను ఇంకో నెల ఉండిపోయాను. "అక్కా, మనిద్దరమే వెళ్దామా?" అంది చెల్లెలు ఓ రోజు. సరేనన్నాను. ఈసారి వంటింట్లో కాక, మ్యాపు ముందు కూర్చున్నాం.

చదివితే ఎన్ని తెలిశాయో! దారి 4,400 అడుగుల ఎత్తున గట్టు మీదికెక్కి, అక్కణ్ణించి సుమారు 400 అడుగులు దిగితేగాని సరస్సు రాదు. అంటే అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎక్కుడే. ఒక్కో ఏడు జూలైలో కూడా పై దారిలో మంచు ఉంటుంది, కాబట్టి ఆ వారంలో వెళ్లొచ్చినవాళ్ల మాట కనుక్కోవాలి. సియాటిల్లోనే మౌంటెనీర్స్ అని 1906 నాటి కొండలెక్కేవాళ్ల సంఘం ఒకటుంది. ఎంత చిన్న నడకైనా వెంట ఉండాల్సిన పది రకాలని వాళ్లు జాబితా వేశారు. మ్యాపు, టార్చి, ఎండకి కాపు, మందులు, కత్తి, అగ్గి, తలదాచుకోడానికి ఓ పట్టా, అదనంగా తిండి, నీళ్లు, బట్టలు. కొండ మీద కాగితం మ్యాపుకి సిగ్నల్ అక్కర్లేదు గదా! ఎవరి నీళ్లు వాళ్ల సంచిలోనే పెట్టుకున్నాం. వారం మధ్యలో వెళ్తే కారు పెట్టుకోడానికి చోటు దొరుకుతుందని చెల్లెలు సెలవు పెట్టింది. ఏ దారిన వెళ్తున్నామో, సాయంత్రం ఆరింటికల్లా ఫోన్ రాకపోతే ఏం చెయ్యాలో రాసి మరిదికిచ్చాం. అన్నిటికంటే ముఖ్యం, ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కణ్ణించే వెనక్కి తిరగాలని ఒట్టేసుకున్నాం.

దారి మొదట్లో పెట్టెలో పర్మిట్ కాగితాలుంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, మనమే నింపాలి. మొదటిసారి దానిమీద మరిది పేరుంది. ఈసారి చెల్లెలు నా పేరు రాసింది. చెప్పుకుంటే సిగ్గుచేటుగానీ, ఇంటి కరెంటు బిల్లు మీద కూడా నా పేరు లేదు!

గట్టు మీదికి చేరేసరికి ఒంటిగంటకి అయిదు నిమిషాలు తక్కువ. కింద నీలంగా సరస్సు. చెల్లెలికి మోకాలు పట్టేసింది. "అక్కా, ఇంత దూరం వచ్చి..." అంది. నాకూ మనసు పీకింది. దిగితే దిగగలం. మళ్లీ ఎక్కగలమా? అక్కడే పులిహోర తిని, కళ్లారా చూసి, వెనక్కి తిరిగాం. అయిదున్నరకి మరిదికి ఫోన్ చేశాం.

రాత్రి మావారికి చెబితే, "అంత దూరం వెళ్లి నీళ్లు ముట్టుకోకుండా వచ్చారా!" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ "ఇక చాలు, పద" అనకుండా, ఎవరూ "ఇంకొంచెమేగా, నడు" అనకుండా, నా అంతట నేను వెనక్కి తిరిగిన మొదటి ప్రయాణం అది.

మగవాళ్లని వదిలేసి కొండలెక్కమని నేననడం లేదు. మొన్న సంక్రాంతి సెలవులకి అందరం కలిసే అరకు వెళ్లాం. పులిహోర ఆయన చేత కలిపించాను. ఉప్పు తగ్గింది. రూటు నేను చూశాను. ఒకచోట తప్పాను, అడిగి దిద్దుకున్నాను. ఏం మునిగిపోయింది చెప్పండి?