బురద పద్దు

కాకినాడకు దక్షిణాన, కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచేవాళ్లు నీరు తీసిన వేళ ముక్కు మూసుకుంటారు. బురదలోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది మరి. గాలి సోకని ఆ అడుగున సూక్ష్మజీవులు రాలిన ఆకును అరగదీస్తూ, ఉప్పునీటిలోని సల్ఫేటును వాడుకుని విడిచే వాయువు అది. పొయ్యి వెలిగిన ఇంటికి పొగ తప్పనట్టే ఆ నేలకు ఆ వాసన తప్పదు.

అరిగిన ఆ సారమంతా ఎటు పోతుంది? అమెరికాలోని జార్జియా తీరంలో, సపెలో దీవి దగ్గర ఇదే ప్రశ్న వేసుకున్నారు. అక్కడ మడ చెట్లు కాదు, స్పార్టినా అనే గడ్డి నిండిన ఉప్పు పర్రలుంటాయి. 1962లో జీవావరణ శాస్త్రవేత్త జాన్ టీల్ ఆ పర్రకు జమాఖర్చు రాశారు. గడ్డి తన బతుక్కి వాడుకోగా మిగిలిన పంటలో దాదాపు 45 శాతం ఆటుపోట్లతో బయటి నీళ్లలోకి పోతోందని తేల్చారు. 1968లో మరో జీవావరణ శాస్త్రవేత్త యూజీన్ ఓడమ్ ఆ ప్రవాహానికి ‘ఔట్‌వెల్లింగ్’ అని పేరు పెట్టారు. అలా పర్ర సముద్రానికి అన్నదాత అయింది. 1970లో జార్జియా రాష్ట్రం తన పర్రల రక్షణకు చట్టం కూడా తెచ్చింది.

పద్దులో ఒక మెలిక ఉంది. ఆ 45 శాతం నీటిలో కొలిచింది కాదు. పర్రలోని ప్రాణులు తిన్నది తీసేయగా, లెక్క సరిపోవడానికి మిగిలిన అంకె. 1980లో స్కాట్ నిక్సన్ అనే శాస్త్రవేత్త అప్పటికి ఇరవై ఏళ్లుగా సాగిన పరిశోధనలన్నీ ముందేసుకుని, ఈ పద్దును తిరగేశారు. కొన్ని పర్రలు ఇస్తున్నాయి, కొన్ని పుచ్చుకుంటున్నాయి. ఇచ్చేవి కూడా తీరమంతటినీ పోషించేటంతగా ఇవ్వడం లేదు. అన్నదాత బిరుదు కాస్త వదులైంది.

అయితే ఆయన కాగితాల్లో మరో సంగతి కనిపించింది. పోటుతో నైట్రేటుగా లోపలికి వచ్చిన నత్రజనిని పర్ర పట్టుకుంటుంది. అందులో కొంత బురదలో వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ఆటుతో తిరిగి వెళ్లే నత్రజని ఎక్కువగా అమ్మోనియంగానో, కరిగిన సేంద్రియ పదార్థంగానో వెళుతుంది. వచ్చిన నాణెం ఒకటి, వెళ్లిన నాణెం మరొకటి. పర్ర చేసేది దానం కన్నా షరాబు పని. ఆ కొట్టు నడవాలంటే రోజుకు రెండుసార్లు నీరు వచ్చి పోతుండాలి.

మన తీరంలోనూ పర్ర భూమి అంటే పనికిరాని చౌడు అనే చాలామంది లెక్క. ‘దీనివల్ల ఏం వస్తుంది?’ అన్న ప్రశ్నకు అక్కడ రొయ్యల చెరువు తవ్వినవాడు టన్నుల్లో జవాబు చెప్పగలడు. పర్ర చెప్పలేదు. గట్టు వేసిన రోజునే అక్కడ నీటి రాకపోకలు ఆగిపోతాయి. మేత, ఎరువు కలిసిన చెరువు నీటిని మురుగు కాలువలోకి వదిలినప్పుడు, ఉప్పుటేరు చేరేలోగా దాన్ని పట్టి మార్చి పంపే షరాబు ఉండడు. ఆ కొట్టు ఉన్నచోటే మనం చెరువు తవ్వాం.

సముద్రానికి ఇంత పెడుతోంది కాబట్టి పర్రను కాపాడాలన్న వాదన మంచి మనసుతో పుట్టిందే. కానీ ఆ అంకె తగ్గిన రోజున ఆ నేల విలువా తగ్గిపోవాలా? ఇచ్చినప్పుడే గౌరవించే అలవాటు మనుషుల మధ్యే అంత అందంగా ఉండదు. బురద మీద దాన్ని మోపడం ఇంకా అన్యాయం. పుచ్చుకోవడం, దాచుకోవడం, మార్చి పంపడం కూడా పనులే.

కోరింగలో ఆరు గంటలు ఆగితే మళ్లీ పోటు వస్తుంది. నీరు వేర్ల మీదికి ఎక్కి బురదను కప్పేస్తుంది, వాసన తగ్గిపోతుంది. అప్పుడు వంతెన మీదికి వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. కొట్టు మాత్రం వాళ్ల కాళ్ల కింద తెరిచే ఉంటుంది.