దాటేది బాపట్లలోనైనా మునిగేది దివిసీమే

వాయుగుండం వార్త టీవీలో రాగానే అవనిగడ్డ సెంటర్లోనూ, కోడూరు, నాగాయలంక టీకొట్ల దగ్గరా ఒక మాట వినబడుతుంది: "తీరం దాటేది బాపట్ల దగ్గరంట, మనకేం కాదులే." ఈ అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ మాట ఎవరన్నా అక్కడికక్కడే అడ్డుపడండి. దివిసీమలో ఇంతకంటే ప్రాణాంతకమైన ధీమా మరొకటి లేదు.

1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల వైపు. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయింది మాత్రం దివిసీమలో. మధ్యలో ఎంత దూరం! కృష్ణ దాటాలి, రేపల్లె దాటాలి, నిజాంపట్నం దాటాలి. అయినా అయిదు మీటర్లకు పైగా ఎత్తున లేచిన నీరు సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్పల మీద పడి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చేసింది. తాటిచెట్లకు, తుమ్మచెట్లకు కరుచుకుని తెల్లవారేదాకా వేలాడినవాళ్లు బతికారు. సర్కారు లెక్కకు వచ్చిన చావులే దాదాపు పదివేలు. ఆ రోజుల్లో ఊళ్లలో శవాలు మోసినవాళ్లెవరూ ఆ లెక్క ఒప్పుకోరు.

ఎక్కడో దాటిన తుపాను మన మీద ఎందుకు పడింది? కారణం గాలి తిరిగే తీరులోనే ఉంది. మన వైపు తుపానులన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. సముద్రం మీంచి తీరానికి వస్తున్న తుపానుకు కుడిపక్కన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, నీటిని ముందుకు తోస్తుంది. ఎడమపక్కన గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. కాబట్టి ఉప్పెన ఎప్పుడూ కుడి చేతి వైపే. చీరాలలోనో బాపట్లలోనో తుపాను దాటితే దాని కుడి చెయ్యి ఆనేది దివిసీమ మీదే. పైగా ఇక్కడ సముద్రం ఒడ్డు నుంచి చాలా దూరం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీరు అడుగుకు జారిపోయే వీలుండదు, పైకి లేవాల్సిందే. ఆ వేళకు పోటు కూడా కలిసిందా, ఇక చెప్పేదేముంది.

అందుకే టీవీ తెర మీద ఎర్ర చుక్క ఏ ఊరి మీద ఉందో చూసి ఊపిరి పీల్చుకోవద్దు. ఆ చుక్కకు మనం ఏ పక్కన ఉన్నామో చూసుకోవాలి. వార్తలు చదివేవాళ్లు కూడా 'దాటే చోటు' అని పదిసార్లు అనే బదులు 'ఉప్పెన వచ్చే తీరం' అని ఒక్కసారైనా అంటే పుణ్యం ఉంటుంది.

ఈ ధీమా ఊరికే రాలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది, రైతు ఏడ్చాడు, కానీ సముద్రం మాత్రం ఊళ్లోకి రాలేదు. దాంతో 'బాపట్లలో దాటితే ఇంతే' అని చాలామంది ఖాయం చేసుకున్నారు. మిచాంగ్ తీరం దాటేటప్పుడు గాలి వేగం గంటకు నూరు కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంది. 1977లో రెండు వందలు దాటింది. తుపాను దారి ఇంచుమించు అదే, బలం సగం. అదే దారిన పూర్తి బలంతో మరొకటి రాదని ఎవరు హామీ ఇస్తారు? అంతకు ముందు, 1864 నవంబరు 1న, పక్కనే ఉన్న బందరును ఉప్పెన ముంచింది. ముప్పై వేల మంది పోయారని అంచనా.

1990 మే 9 సంగతి కూడా గుర్తు తెచ్చుకోవాలి. ఆ తుపాను 1977 దానికేమీ తీసిపోలేదు. కృష్ణ సాగరసంగమం దగ్గరలోనే దాటింది. చనిపోయినవాళ్లు వెయ్యిలోపే. సముద్రం దయ చూపిందని కాదు, లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఇళ్లు ఖాళీ చేయించారు. రమ్మన్నప్పుడు కదిలారు, బతికారు.

"అప్పుడు పూరిళ్లు, ఇప్పుడు అన్నీ డాబాలేగా" అని అంటారు. ఒంటి అంతస్తు డాబా పైకప్పు ఎత్తు మూడు మీటర్లు. అయిదు మీటర్ల నీరు దానికి ఎంత పైన ఉంటుందో లెక్క వేసుకోండి.

ఇక అధికారులకు. 1977 తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు చాలాచోట్ల శిథిలమయ్యాయి. పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడిన గదిలోకి పిల్లల్ని తీసుకుని ఏ తల్లీ రాదు, రాకపోతే తప్పు ఆమెది కాదు. పనికొచ్చేవేవో, కూలిపోయేవేవో తేల్చి ఊరూరా చాటింపు వేయించండి. పనికొచ్చే షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో ఆ ఊళ్లో కనీసం నలుగురికి తెలిసి ఉండాలి. తాళం చేతి కోసం వర్షంలో సెక్రటరీ ఇల్లు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

రొయ్యల చెరువుల యజమానులతో మరో మాట. మడ అడవులు కొట్టి చెరువులు తవ్వినచోట ఉప్పెనను నిలువరించే అడ్డు ఎటూ లేకుండా పోయింది. ఆ గట్ల మీద రేకుల షెడ్లలో పడుకునే కాపలా మనుషులు చాలామంది పై ఊళ్లవాళ్లు. ఇక్కడి ఓటర్ల జాబితాలో ఉండరు, ఇంటింటి లెక్కలోకీ రారు. వాళ్లను ముందు రోజే ఊళ్లోకి చేర్చే పూచీ మీది. ఏరేటర్లు ఎవరు చూస్తారని అడగొద్దు.

నది వైపు నుంచీ ముప్పుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి దాదాపు 11 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ రికార్డు కూడా చెరిగిపోయింది, 11.4 లక్షలు వచ్చాయి. లంకల్లో ఉన్నవాళ్లకు ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువ కబురే ఆధారం.

ఊరు వదలమని చెప్పినప్పుడు పగలే వదలండి. ముసలివాళ్లు, బాలింతలు, చంటిపిల్లలు మొదటి బండిలో. గొడ్ల పలుపులు విప్పేయండి, కట్టుకొయ్యకు ఉన్న గొడ్డు ఈదలేదు. పాసుపుస్తకం, ఆధార్, రోజూ వేసుకునే మాత్రలు పాలిథిన్ సంచిలో చుట్టుకోండి. హోరు ఒక్కసారిగా ఆగిపోయిందంటే తుపాను పోయిందని బయటికి రాకండి. అది తుపాను కన్ను, కాసేపట్లో గాలి రెండో వైపు నుంచి కొడుతుంది. ఎక్కడైనా చిక్కుకుంటే 1070కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, టవర్లు పడిపోకముందే. బందరు ఓడరేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగిరేదాకా ఆగుదామని మాత్రం అనుకోవద్దు. అప్పటికి పులిగడ్డ వైపు పోయే బస్సే ఉండదు.