శరానికి తగిన దూరం
జింకను ఎంత దూరం నుండి కొట్టుట ధర్మ్యం? విలుకాండ్ర ఈ ప్రశ్నకు గజాల లెక్క చాలదు. రాజమహేంద్రవరంలో నన్నయభట్టారకుడు ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో పాండురాజు, మృగరూపంలో సంగమించుచున్న కిందమ మునిని కొట్టాడు. వేట రాజులకు విహితమని వాదించాడు. ముని గర్హించినది వేటను కాదు, ఆ సమయాన్ని. అక్కడ లక్ష్యం కనబడుతూనే ఉన్నది.

దశరథుని దోషం దీనికి విపరీతం. సరయూతీరపు చీకటిలో కడవ నిండే ధ్వనిని గజధ్వనిగా భ్రమించి, చూడని ప్రాణిపై శరం విడిచాడు. గురి తప్పలేదు, అయినను మునికుమారుని ప్రాణం వెంటనే పోలేదు, బాణం పెరికే వరకు ఆ వేదన సాగింది. (శబ్దవేధి విద్యాగర్వానికి ఇంతకన్న క్రూరమైన సాక్ష్యం అరుదు.)

కావున ప్రాణి ఏదో, ఏ స్థితిలో ఉన్నదో తెలిసేంత, ఒక్క శరంతో వేదన ముగిసేంత సామీప్యమే ధనుర్ధరునికి హద్దు. గోదావరి ఒడ్డున పాపికొండలలో నేడు ఆ ప్రసక్తే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద జింకవేట నిషిద్ధం.